షేర్లు నా పేరున, పన్ను మావారికి: మా కొత్త ఆడిటర్ గారి గురించి

మావారి చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో నాకు 40 శాతం షేర్లున్నాయి. కంపెనీ పోయినేడాది మొదటిసారి డివిడెండు (లాభంలోంచి షేర్లున్నవాళ్లకి పంచే వాటా) ఇచ్చింది. దాని మీద పన్ను ఎవరు కట్టాలో తేల్చుకుందామని ఈ మధ్య ఒక కొత్త ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లాం. రెండుసార్లు కూర్చోబెట్టి మాట్లాడారు, తర్వాత ఒక నోటు రాసిచ్చారు.

అంతకుముందు మా రిటర్నులు వేసినాయన చెప్పింది ఒక్కటే: "కొన్ని షేర్లు మేడం పేరున పెట్టండి, పన్ను తగ్గుతుంది." నమ్మేశాం.

ఈవిడ మాత్రం కూర్చోగానే, "షేర్లకి డబ్బు ఎవరి ఖాతాలోంచి వెళ్లిందమ్మా?" అని అడిగారు. నా పాస్‌బుక్ తీయించారు. మావారి ఖాతా నుంచి నాకు 40,000 జమ, మర్నాడే అదే 40,000 కంపెనీకి చెల్లింపు. ఆ రెండు వరసల కింద పెన్సిల్‌తో గీత గీసి పుస్తకం నావైపు తిప్పారు. ఇంకేం చెప్పకుండానే నాకు సగం అర్థమైంది.

భర్త భార్యకి డబ్బిస్తే ఆ ఇచ్చినదాని మీద పన్నుండదు. కానీ ఆ డబ్బుతో కొన్న షేర్ల మీద వచ్చే డివిడెండు, ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, మావారి ఆదాయంలోనే కలుస్తుంది. రేపు అమ్మితే వచ్చే లాభమూ అంతే. ఆ డివిడెండుని నేను ఎఫ్‌డీ వేసుకుంటే దాని మీద వడ్డీ మాత్రం నాదే. కంపెనీ నా పాన్ మీద టీడీఎస్ (ఇచ్చేటప్పుడే మినహాయించే పన్ను) కోసింది కదా అంటే, నేను కంపెనీకి డిక్లరేషన్ ఇస్తే ఆ క్రెడిట్ మావారి పాన్‌కి చూపిస్తారని చెప్పారు. ఇది నాకు ఎవరూ చెప్పని సంగతి.

ఆ కంపెనీలోనే నేను తీసుకునే జీతం విషయంలో నాకు నిజంగా భయం వేసింది. భర్తకి, బంధువులతో కలిపైనా సరే, 20 శాతం ఓటు హక్కున్న కంపెనీలో భార్య జీతం తీసుకుంటే అదీ భర్త లెక్కలోకే వెళ్తుందట. ఆమె సాంకేతిక లేదా వృత్తిపరమైన అర్హతతో సంపాదించిందైతేనే మినహాయింపు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను, మా ఫినాయిల్, డిటర్జెంట్ బ్యాచీల టెస్టింగ్ నేనే చూస్తాను. సర్టిఫికెట్, అపాయింట్‌మెంట్ లెటర్ చూశాక, నా చేతిరాతతో పీహెచ్ విలువలు రాసిన ల్యాబ్ రిజిస్టర్ కూడా తెమ్మన్నారు. పేజీలు తిప్పి, "ఇది జాగ్రత్తగా దాచుకోండి, మీ జీతానికి ఇదే సాక్ష్యం" అన్నారు. ఆరేళ్ల నా పనిని అంత శ్రద్ధగా చూసినవాళ్లు ఆవిడే.

అన్‌లిస్టెడ్ షేర్లు (మావిలా స్టాక్ మార్కెట్లో లేనివి) ఉన్నవాళ్లు ఐటీఆర్-1 అనే సులువైన రిటర్ను ఫారం వేయకూడదు. నేను ఏటా అదే వేశాను. మావారేమో ఆ డివిడెండుని తన ఆదాయంలో చూపిస్తూ పోయినేడాదిది అప్‌డేటెడ్ రిటర్ను (గడువు దాటాక సరిదిద్ది వేసేది) వేసి, కట్టాల్సిన పన్ను, వడ్డీల మీద ఇంకో 25 శాతం అదనంగా కట్టారు.

లోపాలూ చెప్పాలి. నోటు రెండు వారాలు ఆలస్యంగా వచ్చింది, అందులో సెక్షన్ నంబర్లే తప్ప మామూలు మాట తక్కువ. కంపెనీ నుంచి అప్పేమైనా తీసుకుంటున్నారా అని ఆవిడ అడగనే లేదు. లేచి వెళ్లబోతూ, ఇంటి మరమ్మతుకి లక్షన్నర తీసుకుందామనుకుంటున్నాం అని నేనే అంటే మళ్లీ కూర్చోమన్నారు. 10 శాతం గానీ అంతకు మించి గానీ వాటా ఉన్నవాళ్లు ఇలాంటి కంపెనీలో అప్పు తీసుకుంటే, కంపెనీలో పోగైన లాభాల మేరకు దాన్ని డివిడెండుగా లెక్కకడతారు. తిరిగి కట్టేసినా పోదని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పిందట. ఆ మాట గుమ్మం దగ్గర నా నోట రాకపోతే ఏమయ్యేదో! ఇది మొదటి ప్రశ్నల్లోనే ఉండాలి.

అయినా మా ఆడపడుచు వాళ్లాయన కంపెనీలో షేర్లు తీసుకుంటానంటే ఈవిడ దగ్గరికే పంపాను. తనకి ఉద్యోగం ఉంది. చెక్కు తన జీతం పడే ఖాతాదే ఇమ్మని, ఆ నెల స్టేట్‌మెంటు ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోమని చెప్పారట.