పాత ఫోటో బాగుచేయించడం: హనుమకొండ చౌరస్తాలోని ఒక స్టూడియోతో మా అనుభవం

మా బాపు దశదినకర్మకు పెట్టవలసిన ఫోటో కోసం హనుమకొండ చౌరస్తా దగ్గర, మెట్లెక్కి పోవలసిన ఒక పాత స్టూడియోకు వెళ్లాను. అక్కడ పని ఎట్లా జరిగిందో, ఎక్కడ పొరపాటు పడిందో, దాన్ని వాళ్లు ఎట్లా సరిచేశారో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. తల్లినో తండ్రినో మతిమరుపు జబ్బుతో పోగొట్టుకున్నవాళ్లకు ఈ వివరాలు పనికొస్తాయి. అలాంటి ఇంట్లో ఏ ఫోటో పెట్టాలన్నదే మొదటి చిక్కు.

బాపుకు డిమెన్షియా అని తేలిన నాటి నుంచి ఆయన పోయిన నాటి వరకు ఆరేళ్లు గడిచాయి. ఈ జబ్బులో నిన్నమొన్నటి సంగతులు ముందు చెరిగిపోతాయని, పాతవి చాలాకాలం నిలుస్తాయని డాక్టరు చెప్పినప్పుడు మాకు అంతగా అర్థం కాలేదు కానీ ఇంట్లో చూసినకొద్దీ అర్థమైంది. ముందు మనవల పేర్లు పోయాయి, తర్వాత నా పెళ్లి పోయింది, ఆ తర్వాత ఆజంజాహి మిల్లు మూతపడిన సంగతే పోయింది. 1934లో మొదలై 2002లో మూతపడిన ఆ మిల్లులో ఆయన 1969లో, ఇరవై రెండేళ్ల వయసులో, నేత విభాగంలో చేరాడు. చివరి మూడేళ్లు తెల్లవారకముందే లేచి కూర్చుని, ఎప్పుడో ఆగిపోయిన సైరన్ వినిపించినట్టుగా, "కూత అయింది, ఇంకా డబ్బా కట్టలేదా?" అని అమ్మను అడిగేవాడు. అమ్మ మొదట్లో మిల్లు లేదని చెప్పి చూసింది. తర్వాత్తర్వాత ఆ మాట మానేసి, డబ్బాలో రెండు రొట్టెలు పెట్టి చేతికిచ్చేది. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంటే తెల్లారేది.

మా హాలులో 2017లో తమ్ముడి గృహప్రవేశం నాడు తీసిన బాపు రంగుల ఫోటో ఉండేది. దాన్ని చూపించి "ఎవలీ ముసలాయన? మనింట్ల ఎందుకుండు?" అని అడిగేవాడు. అదే బీరువాలోని మిల్లు గేటు కార్డు తీసి చూపిస్తే, దాని మీద అంటించిన నలుపు తెలుపు ఫోటోను వేలితో తట్టి "నేనే గదా" అనేవాడు. చివరి రోజుల్లో ఆయన తనదని ఒప్పుకున్న ముఖం అదొక్కటే.

బాపు పోయిన రోజు వచ్చినవాళ్లందరూ "బాధపడ్డడు, తీరిపోయింది" అన్నారు. తమ్ముడు కూడా "బాపు మనకు ఎప్పుడో పోయిండక్కా" అన్నాడు. వాడు ప్రేమతోనే అన్నాడు, ఆ మాటలో నిజం కూడా ఉంది. అయితే ముందురోజు రాత్రి వరకు జావ తాగించి, ఒళ్లు తుడిచి పడుకోబెట్టిన నాకు మాత్రం ఆయన ఆనాడే పోయాడు. ఆరేళ్లుగా కొంచెం కొంచెంగా ఏడ్చినందువల్లనో ఏమో, నాకు ఆ రోజు కన్నీళ్లు రాలేదు. ఎవరిని తలుచుకుని ఏడవాలో కూడా తెలియలేదు. ఫోటో విషయంలో కూడా ఇదే తెగలేదు. తమ్ముడు గృహప్రవేశం ఫోటో పెడదామన్నాడు, ఎందుకంటే వచ్చేవాళ్లు గుర్తుపట్టేది ఆ ముఖాన్నే. బాపే తనదని గుర్తుపట్టని ముఖం కింద దీపం పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అమ్మ ఏమీ మాట్లాడకుండా గేటు కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది.

స్టూడియో యజమానికి అరవై ఏళ్లుంటాయి. కార్డును వెంటనే స్కానర్ మీద పెట్టకుండా, కిటికీ దగ్గరికి తీసుకుపోయి భూతద్దంతో చాలాసేపు చూశాడు. 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఫోటో అది. ఒక మూలకు పిన్ను తుప్పు అంటింది, మిల్లు వాళ్ల గుండ్రటి ముద్ర సగం భుజం మీద, ఇంకొంచెం గడ్డం మీద పడింది. నేను 12×15 అంగుళాల సైజు అడిగాను. అంగుళానికి 1200 చుక్కల చొప్పున స్కాన్ చేసినా అంత పెద్ద సైజులో ముఖం పలచబడుతుందని, 8×10 అంగుళాలైతే దాదాపు ఆరింతలే పెరుగుతుంది కాబట్టి నిలుస్తుందని ఆయన లెక్క వేసి చూపించాడు. పెద్ద సైజుకు ఎక్కువ డబ్బు వస్తుందని తెలిసి కూడా వద్దన్న ఆ మాటతోనే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

అంతకుముందు రాత్రి నేను ఫోన్‌లో ఒక యాప్‌తో ప్రయత్నించి ఉన్నాను. బాపు ముఖం నున్నగా, కళ్లు నిగనిగలాడుతూ వచ్చింది కానీ అది బాపు కాదు. ఆయన పోలికలున్న ఎవరో పరాయి యువకుడు. ఆ సంగతి చెబితే యజమాని, "అది ఉన్నదాన్ని బాగుచెయ్యదమ్మా, లేనిదాన్ని ఊహించి పెడ్తది" అన్నాడు. పాత ఫోటోలు యాప్‌లో వేసి మురిసిపోయేవాళ్లందరికీ ఈ మాట చెప్పాలనిపిస్తుంది.

నాలుగు రోజుల్లో ఇస్తామన్నారు, బాపు పోయిన తొమ్మిదో రోజు సాయంత్రం, అన్న టైముకే ఇచ్చారు. మెరుపు లేని కాగితం, అద్దం, టేకు రంగు చట్రం, స్కానింగుతో కలిపి 1,350 రూపాయలు తీసుకున్నారు. తుప్పు మరక పోయింది, ముద్ర పోయింది, చెదిరిన తల అంచు సరిపడింది. ఇంటికి తెచ్చి అమ్మ ముందు పెట్టాను. అమ్మ చాలాసేపు చూసి, అద్దం మీద ఎడమ చెంప దగ్గర వేలు పెట్టి అటూ ఇటూ జరిపి, "తల్లి మచ్చలు ఏవి బిడ్డా?" అని అడిగింది.

బాపుకు చిన్నప్పుడు స్ఫోటకం పోసింది. రెండు చెంపల మీదా గుంటలుండేవి. కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయి వాటిని కాగితానికి పట్టిన బూజు మరకలనుకుని ఒక్కొక్కటే తుడిచేశాడు. నాకు చాలా కోపం వచ్చింది, పొద్దున్నే స్టూడియో తెరవకముందే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. వచ్చాక అడిగితే ఆ అబ్బాయి నిజాయితీగా, "అక్కా, అట్లాంటి మచ్చలున్న మనిషిని నేనెప్పుడూ చూడలే" అన్నాడు. అతనికి ఇరవై నాలుగేళ్లు. మన దేశంలో స్ఫోటకం 1975తో ఆగిపోయింది, ఆ ముఖాలు కూడా ఒక్కొక్కటిగా వెళ్లిపోతున్నాయి. అతన్ని తప్పుపట్టలేకపోయాను. అయితే ముద్ర ఏది, మరక ఏది, మచ్చ ఏది అని పని మొదలుపెట్టే ముందు ఇంటివాళ్లను అడగడం స్టూడియోవాళ్ల బాధ్యత. ఆ మాట యజమానితో గట్టిగానే అన్నాను, ఆయన ఒప్పుకున్నాడు.

మొదట చేసిన స్కాన్ వాళ్ల దగ్గర భద్రంగా ఉంది కాబట్టి పని మళ్లీ చేయడం కుదిరింది. నన్ను ఆ అబ్బాయి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. తెర మీద ముఖం పెద్దదిగా కనిపిస్తుంటే, ఏవి కాగితం మరకలో ఏవి బాపు మచ్చలో నేను చెప్పాలి. చివరి రెండేళ్లు వారానికి రెండుసార్లు ఆయనకు గడ్డం గీసింది నేనే. చెవి కింద పక్కపక్కనే ఉన్న రెండు గుంటల దగ్గర చర్మాన్ని వేలితో సాగదీసి పట్టకపోతే బ్లేడు కోసుకునేది, పెదవి మూల పక్కనున్న లోతైన గుంటలో ఒకటి రెండు వెంట్రుకలు ఎప్పుడూ మిగిలిపోయేవి. గడ్డం గీస్తున్నంతసేపూ ఆయన నన్ను ఎవరో మంగలి అనుకుని "పైసలు రేపిస్త" అనేవాడు. ఇవన్నీ చెబుతూ ఒక్కొక్క మచ్చనూ చూపిస్తుంటే, ఇరవై రెండేళ్ల ముఖం మీద ఉన్నవీ, డెబ్బై ఏడేళ్ల ముఖం మీద నా చేతికి తగిలినవీ అవే గుంటలు, అవే చోట్ల. తమ్ముడు అన్నట్టు బాపు ఎప్పుడో పోయి ఉంటే, నేను గడ్డం గీసింది ఎవరికి? ఆ కుర్చీలో కూర్చునే మొదటిసారి ఏడ్చాను. ఆ అబ్బాయి పని ఆపి, నీళ్ల సీసా నా ముందు పెట్టి, నేను తేరుకునేదాకా తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. మొత్తం గంటన్నర పట్టింది, రెండోసారి ప్రింటుకు ఒక్క రూపాయి తీసుకోలేదు.

భుజం మీద ముద్రను మాత్రం ఈసారి ఉంచమన్నాను, గడ్డం మీద పడినంతవరకే తీసేశారు. దశదినకర్మ నాడు మిల్లులో పనిచేసిన పెద్దమనిషి ఒకాయన ఆ ముద్ర చూసి, చెప్పులు విడిచి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

లోపాలు కూడా చెప్పాలి. మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కడ్డీ లేదు, అమ్మను వెంట తీసుకుపోలేకపోయింది అందుకే. అమ్మ వచ్చి ఉంటే మచ్చల పొరపాటు మొదటే జరిగేది కాదు. చట్రం వెనక కొక్కెం సన్నది, ఇంటికి వచ్చాక మేము వేరేది వేయించుకున్నాం. పెన్‌డ్రైవ్‌లో స్కాన్ కాపీ అడిగితేనే ఇస్తారు కాబట్టి తప్పకుండా అడగండి.

వచ్చే నెల సంవత్సరీకానికి రెండో ఫోటో కూడా అక్కడే ఇచ్చాను. అది ఆయన పోవడానికి నాలుగు నెలల ముందు భద్రకాళి చెరువు కట్ట మీద తమ్ముడు ఫోన్‌తో తీసింది. బాపు కెమెరా వైపు చూడడం లేదు, చూపు ఎక్కడో ఉంది, ఒళ్లో డబ్బా ఉంది. కళ్లు కొంచెం సరిచేయమంటారా అని ఈసారి ఆ అబ్బాయే ముందు అడిగాడు. ముట్టుకోవద్దని చెప్పాను.