లినక్స్ డెస్క్‌టాప్ సెట్టింగులు చెడితే ఏది మేలు: ఫార్మాటా, రీసెట్టా, కొత్త యూజరా?

పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే కింద మెనూ ఉండే పట్టీ, అంటే ప్యానెల్, కనిపించదు. లేదా ప్యానెల్ ఉంటుంది, తెలుగు కీబోర్డు మాయమై ఉంటుంది. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేసే ఏ డీటీపీ షాపులోనైనా ఇలా జరిగితే, పెన్‌డ్రైవ్ పట్టుకుని నిలబడ్డ పిల్లల్ని చూసి ఓనర్‌కు టెన్షన్ మొదలవుతుంది. "ఫార్మాట్ కొట్టెయ్ అన్నా" అనే సలహా కూడా వెంటనే వస్తుంది. నన్నడిగితే అది చిట్టచివర చేయాల్సిన పని.

డెస్క్‌టాప్‌లో మనం మార్చుకునే సెట్టింగులు చాలావరకు ఉండేది మన సొంత ఫైళ్లుండే యూజర్ హోమ్ ఫోల్డర్‌లో. లినక్స్ రకాలైన మింట్‌లోని సినమన్, ఉబుంటులోని గ్నోమ్ అనే డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రెండూ వాటిని ఎక్కువగా డీకాన్ఫ్ అనే డేటాబేస్‌లో పెట్టుకుంటాయి. హోమ్‌కు డిస్క్‌లో విడిగా ఒక భాగం (పార్టిషన్) ఉన్నవాళ్లు దాన్ని అలాగే ఉంచి, సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి పాత పేరుతోనే లాగిన్ అయితే చెడిన సెట్టింగు మళ్లీ ఎదురొస్తుంది. పైగా ప్రింటర్ మొదలుకొని అన్నీ కొత్తగా పెట్టుకోవాలి. డిస్క్ మొత్తం తుడిచేస్తే సమస్య పోతుంది, కాదనను. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినా పోతాయి కదా!

సిస్టమ్‌ను పాత స్థితికి తిప్పే టైమ్‌షిఫ్ట్ ప్రోగ్రామ్ ఉందిలే అని ధీమాగా ఉండేవాళ్లున్నారు. మనం ప్రత్యేకంగా చెబితే తప్ప అది హోమ్ ఫోల్డర్లను తను దాచే కాపీ (స్నాప్‌షాట్)లోకి తీసుకోదు. అప్‌డేట్ తర్వాత డ్రైవర్ చెడితే దాన్ని మించింది లేదు. ప్యానెల్ పోతే మాత్రం దానివల్ల ఒరిగేది తక్కువే.

కొత్త యూజర్ అకౌంట్ చేయడం మందు కాదు, పరీక్ష. అయినా మొదట చేయాల్సింది అదే. ఆ అకౌంట్‌లో అన్నీ బాగుంటే తప్పు మన హోమ్‌లోనే ఉంది. అక్కడా అదే తంతు అయితే డ్రైవర్‌నో ప్యాకేజీనో అనుమానించాలి, రీసెట్ల జోలికి పోనక్కర్లేదు. కొందరు ఆ కొత్త అకౌంట్‌లోకే కాపురం మార్చేస్తారు. పాత ఫైళ్ల పర్మిషన్లతో తర్వాత పడే తిప్పలు చూస్తే అది నాకు నచ్చదు.

రీసెట్ దగ్గరే అసలు తేడా ఉంది. హోమ్‌లో దాగి ఉండే డాట్ కాన్ఫిగ్ (.config) ఫోల్డర్ పేరు మార్చి మళ్లీ లాగిన్ అయితే అంతా కొత్తగా మొదలవుతుంది. కానీ లిబ్రేఆఫీస్ సెట్టింగులు, ఏళ్ల తరబడి చేర్చుకున్న ఆటోకరెక్ట్ మాటలు, క్రోమ్ బుక్‌మార్కులు కూడా అందులోనే ఉంటాయి. డీటీపీ పనివాళ్లకు ఆటోకరెక్ట్ పోవడమంటే చేయి విరిగినంత పని. అందుకే ఆ ఫోల్డర్‌ను డిలీట్ చేయకండి, పేరు మాత్రమే మార్చండి.

నా ఓటు ముక్క రీసెట్‌కే, అంటే చెడిన భాగాన్ని మాత్రమే రీసెట్ చేయడానికే. సినమన్‌లో ముందు కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. డెస్క్‌టాప్ ఒక్కటే రీస్టార్ట్ అవుతుంది, తెరిచిన ఫైళ్లు మూతపడవు. అప్పటికీ ప్యానెల్ రాకపోతే డిఫాల్ట్ సెట్టింగులకు తిప్పే ఆప్షన్ ఒకటుంది, ప్యానెల్ మీద రైట్ క్లిక్ చేస్తే ట్రబుల్‌షూట్ కింద కనిపిస్తుంది. ప్యానెలే లేనప్పుడు రైట్ క్లిక్ ఎక్కడ చేయాలో మరి! కాబట్టి కంట్రోల్, ఆల్ట్, టీ నొక్కి, కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరవండి. డీకాన్ఫ్ డంప్ (dconf dump) కమాండ్‌తో ఇప్పుడున్న సెట్టింగులన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి తీసి పెట్టుకోండి. తర్వాత డీకాన్ఫ్ రీసెట్ (dconf reset) కమాండ్‌కు ఆ డేటాబేస్‌లో సినమన్ సెట్టింగులుండే శాఖ దారి మాత్రమే ఇవ్వండి. ఆ దారి రాయకుండా ఒట్టి స్లాష్ పెట్టి ఎంటర్ కొడితే డీకాన్ఫ్‌లో మనం మార్చుకున్నవన్నీ పోతాయి, నెట్‌లో చూసి కాపీ చేసేటప్పుడు ఆ స్లాష్ దగ్గర కాస్త ఆగండి.

తెలుగు కీబోర్డు పోయినప్పుడు చాలాసార్లు రీసెట్టే అక్కర్లేదు. కీబోర్డు భాషలు మార్చే ఐబస్ అనే ప్రోగ్రామ్ ఆగిపోయి ఉంటుంది, టెర్మినల్‌లో ఐబస్ రీస్టార్ట్ (ibus restart) అని కొడితే లేస్తుంది.

కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే వేరే డెస్క్‌టాప్‌లు వాడేవాళ్లకు ఈ పని ఇంకా తేలిక, సెట్టింగులు విడివిడి టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి, చెడిన ఒక్కదాని పేరు మారిస్తే చాలు. ఎక్స్‌ఎఫ్‌సీఈలో మాత్రం లాగౌట్ అయ్యాకే మార్చాలి. లోపల నడుస్తున్న ప్రోగ్రామ్ పాత విలువల్ని మెమరీలో పెట్టుకుని ఉంటుంది, వాటినే తిరిగి రాసేస్తుంది.