అడుగున టచ్ పోయిన ట్యాబ్‌కి ఏడీబీ

ఏడీబీ అంటే కంప్యూటర్ నుంచి కమాండ్లు కొట్టి ఆండ్రాయిడ్ ఫోన్‌నో ట్యాబ్‌నో నడిపించే సాధనం. దాని గురించి రాసేవాళ్లు చాలామంది అక్కర్లేని యాప్‌లు తీసేయడం దగ్గరే ఆగిపోతారు. నేనూ మొదట అందుకే వాడాను, బాగానే పనిచేసింది. ఇన్నేళ్లుగా దాన్ని వదలకుండా ఉన్నది మాత్రం ఒకే ఒక్క కమాండ్ వల్ల. దాని పేరు డబ్ల్యూఎం ఓవర్‌స్కాన్.

నాది ఎనిమిది అంగుళాల ట్యాబ్. ఉన్నట్టుండి స్క్రీన్ అడుగున వేలెడు మేర టచ్ పనిచేయడం మానేసింది. బొమ్మ నిక్షేపంగా కనిపిస్తుంది, ముట్టుకుంటే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. బ్యాక్, హోమ్ బటన్లు ఉండేది సరిగ్గా అక్కడే. కీబోర్డ్‌లో స్పేస్, ఎంటర్ కూడా అక్కడే. యాప్ తెరవగలను, బయటికి రాలేను. బాగుచేయించాలంటే ప్యానెల్ మొత్తం మార్చాలన్నారు. పాత ట్యాబ్‌కి అంత ఖర్చు ఎందుకనిపించింది.

కంప్యూటర్ నుంచి వచ్చే ఏడీబీ కమాండ్లను ట్యాబ్ వినాలంటే కావాల్సిన యూఎస్‌బీ డీబగ్గింగ్ అనే సెట్టింగ్ ముందే ఆన్ చేసి ఉంది, నా కంప్యూటర్‌కి అనుమతీ ఇచ్చి ఉంది. ముందు దొరికిన దారి షెల్‌లో, అంటే ట్యాబ్‌కి కమాండ్లు కొట్టే చోట, బటన్ నొక్కినట్టు చేసే ఇన్‌పుట్ కీఈవెంట్ అనే కమాండ్. 4 అంటే బ్యాక్, 3 అంటే హోమ్. పని జరుగుతుంది కానీ, పుస్తకం చదువుకోవడానికి పక్కన కంప్యూటర్ పెట్టుకుని కూర్చోవడం ఏం సుఖం! అలా వెతుకుతుంటే, స్క్రీన్ సర్దుబాట్లు చూసే డబ్ల్యూఎం కమాండ్‌ని ఉత్తినే కొట్టినప్పుడు వచ్చిన జాబితాలో సైజ్, డెన్సిటీలతో (అక్షరాలు, బొమ్మలు ఎంత పెద్దగా కనిపించాలో చెప్పేది) పాటు ఓవర్‌స్కాన్ కనబడింది. టీవీల్లో బొమ్మ అంచులు కోసుకుపోతాయి కదా, ఆ గొడవకు సంబంధించిన సర్దుబాటు అది. నాలుగు అంకెలు అడుగుతుంది: ఎడమ, పైన, కుడి, కింద. 0,0,0,160 అని కొట్టాను. బటన్లు, కీబోర్డ్, అన్నీ 160 పిక్సెళ్లు పైకి జరిగి, టచ్ బతికున్న చోట కూర్చున్నాయి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నిలువునా ఉన్న 1920లో 160 పోయిందన్న సంగతే నాకు గుర్తుండేది కాదు. రీబూట్ చేసినా అలాగే నిలిచింది. రూట్, అంటే ట్యాబ్ మీద పూర్తి అధికారం, అక్కర్లేదు. బూట్‌లోడర్ (ట్యాబ్ ఆన్ కాగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేయనక్కర్లేదు కాబట్టి డేటా చెరిగిపోతుందన్న టెన్షనూ లేదు.

ఆ తర్వాత ట్యాబ్ ఆండ్రాయిడ్ 11కి అప్‌డేట్ అయింది. బటన్లు మళ్లీ అడుక్కి దిగిపోయాయి. కమాండ్ కొడితే అలాంటిదేమీ లేదంది. 11లో ఓవర్‌స్కాన్‌ని పూర్తిగా తీసేశారు. ఎంతమంది వాడతారులే అనుకుని ఉంటారు, వాళ్ల లెక్క వాళ్లది. నా కోపం నాది.

ఇప్పుడు డబ్ల్యూఎం సైజ్‌తో నెట్టుకొస్తున్నాను. 1200x1920 స్క్రీన్‌కి 1200x1600 అని చెబితే బొమ్మను నడిమధ్యన పెట్టి, కింద 160, పైన 160 నల్ల పట్టీలు వదులుతుంది. కింద పోయిందానికి బదులుగా పైన బాగున్న చోటు కూడా పోగొట్టుకోవాలన్నమాట. డెన్సిటీ కాస్త తగ్గించుకుంటే పేజీలో పట్టే వరుసలు కొన్ని తిరిగొస్తాయి, అక్షరం చిన్నదవుతుంది.

11తో వచ్చిన ఇంకో చికాకు: ఒకసారి అనుమతి ఇచ్చిన కంప్యూటరే అయినా, 7 రోజులు కలపకపోతే ఆ అనుమతి రద్దవుతుంది. మళ్లీ ట్యాబ్ మీద నొక్కి ఒప్పుకోవాలి. టచ్ మొత్తం పోయినవాళ్ల పరిస్థితి ఆలోచించండి! ట్యాబ్ ఛార్జింగ్ పోర్టుకి యూఎస్‌బీ వస్తువులు కలిపే ఓటీజీ అడాప్టర్‌తో మౌస్ తగిలించడం ఒక దారి, అదీ ట్యాబ్ ఒప్పుకుంటేనే. సెట్టింగ్స్‌లో దాగి ఉండే డెవలపర్ ఆప్షన్స్‌లో ఈ గడువును ఆపేసే స్విచ్ ఉంది. ట్యాబ్ అప్‌డేట్ అయిన వెంటనే చేయాల్సిన పనుల్లో నేను దీన్ని మొదట పెడతాను.

యాప్‌లు తీసేయడం గురించి పైన బాగానే పనిచేసింది అన్నాను కదా. ఏడీబీ వాటిని యూజర్ 0కి, అంటే ట్యాబ్ మొదటి యూజర్‌కి, మాత్రమే తీసేస్తుంది. యాప్ అసలు ఫైల్ మాత్రం, సిస్టమ్ ఉండే భాగంలో అలాగే ఉంటుంది కాబట్టి అక్కడ చోటేమీ మిగలదు. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే అన్నీ తిరిగొస్తాయి. కళ్లముందు లేకపోవడమే లాభం అనుకుంటే లాభమే.

కొనమనో వద్దనో చెప్పడానికి ఇది ఉచితంగా దొరికేదే. నేను చేసేది ఎక్కువగా చదవడం, నా ట్యాబ్‌లో చచ్చిన భాగం అంచున ఉంది, అందుకే గడిచిపోతోంది. అదే నడిమధ్యన పోయి ఉంటే ఈ కమాండ్లేవీ అక్కరకొచ్చేవి కావు. ఆ పట్టీ ఇంకాస్త పైకి పాకితే 1600ని 1500 చేస్తాను. అంతకు మించితే ప్యానెల్ సంగతి చూడాల్సిందే.