యూనిట్ బ్లాకులు: చిన్నపిల్లల చేతికి తొలి ఇంజనీరింగ్ పెట్టె

మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు పిల్లలకు ఇంజనీరింగ్ నేర్పుతామని చెప్పుకునే ఆటవస్తువుల్లో చాలావరకు మోటార్లతోనూ సెన్సార్లతోనూ నిండి ఉంటాయి. వాటి పక్కన పెడితే, మా పిల్లలు కొంతకాలంగా ఆడుకుంటున్న యూనిట్ బ్లాకుల, అంటే ఒకే లెక్క కొలతలతో కోసిన చెక్క దిమ్మల, పెట్టె బొత్తిగా సాదాగా కనిపిస్తుంది. రంగులు లేవు, అయస్కాంతాలు లేవు, ఒకదానితో ఒకటి బిగించుకునే ఏర్పాటూ లేదు. అయినా ఈ వయసువారికి కట్టడాల రుచి చూపించడానికి ఇంతకన్నా మంచి సాధనం నాకు తారసపడలేదు.

1914లో న్యూయార్క్‌లో బడి నెలకొల్పిన కరోలిన్ ప్రాట్ రూపొందించిన ఈ దిమ్మల గొప్పతనమంతా కొలతల్లో ఉంది. ‘యూనిట్’ అనే మూల దిమ్మ మందం ఒక వంతయితే వెడల్పు రెండు వంతులు, పొడవు నాలుగు వంతులు. తక్కిన పొడుగాటి దిమ్మలన్నీ దానిలో సగమో, రెట్టింపో, నాలుగింతలో ఉంటాయి. అందువల్ల గోడ కడుతూ పెద్ద దిమ్మలు అయిపోయిన పిల్లవాడు రెండు చిన్నవి చేర్చి పని గడుపుకుంటాడు. భిన్నాలనే మాట బడిలో వినడానికి ఎంతో ముందే వాటితో వ్యవహారం నడిపేస్తాడు.

బిగించుకునే ముక్కలతో కట్టినప్పుడు ఆ పట్టు నిర్మాణంలోని తప్పును కప్పిపుచ్చుతుంది. ఇక్కడ దిమ్మలను నిలబెట్టేవి బరువు, ఘర్షణ మాత్రమే కాబట్టి తప్పు వెంటనే బయటపడుతుంది. మా అయిదేళ్ల అమ్మాయి రెండు స్తంభాల మీద దూలం వేసి వంతెన కట్టింది. కింది నుంచి పెద్ద లారీ వెళ్లాలని స్తంభాలను ఎడంగా జరిపేసరికి దూలం పొడవు చాలలేదు. చాలాసేపు కూలగొట్టి కట్టిన తర్వాత, ఒక్కో స్తంభం మీద ఒక్కో దిమ్మను లోపలివైపు చొచ్చుకువచ్చేలా పెట్టి, అది ఒరిగిపోకుండా వెనక కొస మీద మరో దిమ్మ బరువు మోపి, ముందుకు వచ్చిన ఆ రెండు కొసల మీద దూలాన్ని ఆనించింది. కాంటిలీవర్ వంతెన అంటే ఇదే. స్కాట్లండ్‌లో 1890లో ప్రారంభమైన ఫోర్త్ రైలు వంతెన కూడా ఈ సూత్రం మీదే నిలబడి ఉంది. ఆ పేర్లేవీ నేను చెప్పలేదు, ఆ వయసులో చెప్పనవసరం లేదు కూడా. పెద్దలు చేయవలసిందల్లా, కూలినప్పుడు చేయి పెట్టి సరిచేయకుండా, ముందుగా ఏది కదిలిందో గమనించమని అడగడమే.

పెద్దలకూ ఇందులో సరదా ఉంది. బల్ల అంచున నాలుగు దిమ్మలను ఒకదాని మీద ఒకటి పేర్చి, పైనుంచి కిందికి వరుసగా పొడవులో సగం, నాలుగో వంతు, ఆరో వంతు, ఎనిమిదో వంతు చొప్పున ముందుకు జరిపితే, లెక్క ప్రకారం పై దిమ్మ పూర్తిగా బల్ల దాటి గాలిలో ఉండగలదు. దిమ్మ పొడవులో ఇరవైనాలుగో వంతు మాత్రమే మిగులు కాబట్టి చేయి వణికితే అంతే సంగతులు.

ఇక లోపాల విషయం. మా సెట్టులో కొన్ని దిమ్మల మందం తేడాగా ఉంది. ఒక్కోదానిలో అర మిల్లీమీటరు తేడా పైకి కనబడదు గానీ, ఇరవై వరుసలు పేర్చిన రెండు స్తంభాల మధ్య అది సెంటీమీటరు దాకా పెరిగి, పిల్లల తప్పేమీ లేకుండానే పైకప్పు వాలిపోతుంది. కొలత నమ్మకంగా లేని దిమ్మలతో కారణం వెతకమనడం పిల్లలకు అన్యాయం కనుక, కొనేముందు ఒకే రకం దిమ్మలను పక్కపక్కన నిలబెట్టి పైఅంచుల మీద వేలు రాసి చూడడం మంచిది. కూలినప్పుడు చప్పుడు విపరీతం. నేల మీద చాప పరిస్తే కొంత నయం. పెట్టె చాలా బరువు.

కమానులు, స్తూపాలు ఎక్కువగా ఉన్న అందమైన సెట్టు కన్నా మూల దిమ్మలూ వాటి రెట్టింపు దిమ్మలూ దండిగా ఉన్న సెట్టునే ఎంచుకోవాలి, ఎందుకంటే కట్టడం సగంలో ఉండగా అయిపోయేవి ఎప్పుడూ అవే. వాలు దిమ్మలు మాత్రం రెండుమూడు తప్పక ఉండాలి. బొమ్మ కారు ఎంత దూరం పోతుందో చూడడానికి వాలు ఎత్తును మార్చి మార్చి ప్రయత్నించడంలో మా పిల్లలకు పూటంతా గడిచిపోతుంది. అయితే గేర్లు, కప్పీలు, తిరిగే ఇరుసుల మీద మోజున్న పిల్లలకు ఈ పెట్టె చాలదు. కాస్త పెద్దయ్యాక వాళ్లకు నట్లు బోల్టులతో బిగించే మెకానో తరహా సెట్టు వేరుగా కొనవలసిందే.