టీవీ షోల ట్రాఫిక్ ప్యాకేజీలతో జాగ్రత్త, డబ్బు కట్టే ముందు ఇది చదవండి

బిగ్ బాస్ కొత్త సీజన్ దగ్గర పడిందంటే చాలు, "టీవీలో ఏది నడిస్తే దాని మీద మేమే రాసి పెడతాం, మీ బ్లాగుకి గూగుల్ నుంచి రోజూ వేల మంది వస్తారు" అంటూ టెలిగ్రామ్‌లో మెసేజ్‌లు మొదలవుతాయి. అలాంటి వాళ్ల దగ్గర నేను సీజన్ మొత్తానికి 12,000 రూపాయలు కట్టి ప్యాకేజీ తీసుకున్నాను. ఇంకొకరి డబ్బు అలా పోకూడదని రాస్తున్నా.

వాళ్లు చెప్పే విషయంలో కొంత నిజం ఉంది, అందుకే నమ్మబుద్ధి అవుతుంది. సోమవారం నామినేషన్లు, వారమంతా ఓటింగ్, శనివారం షూటింగ్ అవగానే లీకులు, ఆదివారం ఎలిమినేషన్. ఆ రెండు రోజులూ "ఈ వారం ఎవరు ఎలిమినేట్" అని జనం తెగ వెతుకుతారు. ఎపిసోడ్ చూసి, తొందరగా, తప్పుల్లేకుండా రాసే చిన్న సైట్లకి కూడా అప్పుడు మంచి ట్రాఫిక్ వస్తుంది. కానీ వీళ్లు అమ్మేది అది కాదు.

నాకు చూపించిన సెర్చ్ కన్సోల్ (గూగుల్ సెర్చ్ నుంచి సైట్‌కి ఎంతమంది వచ్చారో చూపించే గూగుల్ టూల్) స్క్రీన్‌షాట్‌లో గ్రాఫ్ కొండలా లేచి ఉంది, కింద తేదీలు మాత్రం కత్తిరించేశారు. ఆ సైట్ పేరు తర్వాత తెలిసింది, వెళ్లి చూస్తే అది డిసెంబర్‌లో ఫినాలే జరిగిన వారం గ్రాఫ్. కొన్నేళ్లుగా ఈ షో సెప్టెంబర్‌లో మొదలై డిసెంబర్‌లో అయిపోతోంది, జనవరిలో ఆ పేజీలు తెరిచేవాళ్లే ఉండరు. ఏడాదంతా అలాగే వస్తారన్నట్టు మాట్లాడటం పచ్చి మోసం.

రాసిచ్చిన ఆర్టికల్స్ సంగతి చెప్తాను. శుక్రవారమే "ఎలిమినేట్ అయింది ఈమే" అని ఒక పోస్ట్ పెట్టేశారు, ఆదివారం ఎపిసోడ్‌లో ఆవిడ సేఫ్! ఇంకోదాంట్లో పాత సీజన్ కంటెస్టెంట్ పేరు అలాగే ఉండిపోయింది. ఫొటోలన్నీ చానెల్ ప్రోమో నుంచి తీసిన స్క్రీన్‌షాట్లే, కాపీరైట్ నోటీసు వస్తే అది మన పేరు మీదకే వస్తుంది, వాళ్ల మీదకి కాదు. ఇలా కుప్పలుగా రాసి పడేసే కంటెంట్‌ని గూగుల్ 2024 మార్చిలోనే స్పామ్ పాలసీలో చేర్చింది. అంటే మీరు కష్టపడి రాసుకున్న పాత పోస్టులు కూడా కిందికి పోయే ప్రమాదం ఉంది, నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే.

ఇక "వేల మంది" విషయం. సైట్‌కి వచ్చినవాళ్లని లెక్కపెట్టే అనలిటిక్స్‌లో అంకె నిజంగానే పెరిగింది. దగ్గరగా చూస్తే అందరూ "డైరెక్ట్" అనే, అంటే గూగుల్ సెర్చ్ నుంచి కాకుండా నేరుగా వచ్చారు, తెలుగు పేజీకి ఎక్కడెక్కడి విదేశాల నుంచో వచ్చి ఒకటి రెండు సెకన్లలో వెళ్లిపోయారు. అదే సమయంలో సెర్చ్ కన్సోల్‌లో క్లిక్కులు దాదాపు లేవు. అది బాట్ ట్రాఫిక్, అంటే వచ్చింది మనుషులు కాదు, కంప్యూటర్ ప్రోగ్రాములు. కొన్నాళ్లకే ఇన్‌వాలిడ్ ట్రాఫిక్ (చెల్లని ట్రాఫిక్) అని, బ్లాగులకి యాడ్స్ ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ నా యాడ్స్ తగ్గించేసింది, ప్యాకేజీ వాళ్లని అడిగితే "మేం ట్రాఫిక్ తెచ్చాం కదా, యాడ్స్ మా బాధ్యత కాదు" అన్నారు, ఆ తర్వాత నంబర్ బ్లాక్ చేశారు.

ఎవరైనా ఇలాంటిది అమ్మజూపితే స్క్రీన్‌షాట్లు చూడొద్దు. వీడియో కాల్‌లో వాళ్ల సెర్చ్ కన్సోల్ తెరిపించి, 16 నెలల డేటా పెట్టమనండి, క్వెరీల (జనం గూగుల్‌లో వెతికిన మాటల) లిస్ట్ చూపించమనండి. కాదంటే అక్కడితో ఆపేయండి. ఏ టాపిక్ ట్రెండ్ అవుతోందో తెలుసుకోవడానికి డబ్బు ఇవ్వక్కర్లేదు, గూగుల్ ట్రెండ్స్ ఉచితం. అందులో కనిపించే 100 అంటే వంద మంది కాదు, ఆ టాపిక్ ఎక్కువగా వెతికిన సమయాన్ని 100గా పెట్టి మిగతాది దానితో పోల్చి చూపిస్తారు. ఈ 100 చూపించి కూడా బేరాలు ఆడుతున్నారు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు యూపీఐ రసీదు, చాట్, వాళ్లిచ్చిన హామీల స్క్రీన్‌షాట్లు ఏవీ డిలీట్ చేయకండి. సైట్ లాగిన్ ఇచ్చి ఉంటే ముందు వాళ్ల అకౌంట్ తీసేసి పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇవ్వండి, నేనూ ఇచ్చాను.