గాలం కర్ర పిడికి ఏ పూత: టంగ్ ఆయిలా, పాలీయురెథేనా?

చెక్క పిడి నునుపుగా చెక్కేశాక అందరూ ఆగేది ఇక్కడే.

పట్టు: టంగ్ ఆయిల్ (టంగ్ చెట్టు గింజల నూనె) చెక్కలోకి ఇంకుతుంది, చేతికి చెక్కే తగులుతుంది. పాలీయురెథేన్ (ప్లాస్టిక్ లాంటి వార్నిష్) పైన పొరలా నిలుస్తుంది. మెరిసే గ్లాసీ రకమైతే తడి చేతికి జారుతుంది; నేనైతే మెరుపులేని మ్యాట్ రకమే వాడతాను.

నీళ్లు: ఇక్కడ పాలీయురెథేన్‌దే పైచేయి. కానీ దెబ్బ తగిలి పొర పగిలితే నీరు కిందికి దూరి చెక్క నల్లబడుతుంది. అప్పుడు గీకి మళ్లీ పూయడమే. ఆయిల్ పిడి మాసిపోతే కాస్త రుద్ది ఇంకో పూత ఆయిల్ పట్టిస్తే సరి.

ఓపిక: అసలైన టంగ్ ఆయిల్ పూతకీ పూతకీ కనీసం ఒక రోజు ఆగాలి, పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. నీటి ఆధారిత పాలీయురెథేన్ కొన్ని గంటల్లో ఆరుతుంది.

రిస్క్: ఆయిల్ గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. పరిచి ఆరబెట్టండి.

కార్క్ (సీసా బిరడాలకు వాడే మెత్తటి బెరడు) పిడి అయితే పాలీయురెథేన్ వద్దు. కార్క్ నొక్కితే లొంగుతుంది, గట్టి పొర లొంగదు, పెచ్చులూడుతుంది. పడవలో రోజూ తడిసే చెక్క పిడికి పాలీయురెథేన్, అప్పుడప్పుడు వాడే ముచ్చటైన చెక్కకు ఆయిల్.