నెవర్‌మైండా, ద బెండ్సా: రెండో ఆల్బమ్‌లల్ల ఏది మేలు?

హన్మకొండల గిటార్ నేర్సుకునే పోరగాండ్లు నలుగురు కలిస్తే ఈ లొల్లి ఒడవనే ఒడవది, అమెరికా రాక్ బ్యాండ్ నిర్వానా రెండో ఆల్బమ్ నెవర్‌మైండ్ గొప్పదా, ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ రెండో ఆల్బమ్ ద బెండ్స్ గొప్పదా అని. నా ఓటు బెండ్స్‌కే. అట్లని నెవర్‌మైండ్‌ను తీసిపారేస్తలేను.

1989ల వచ్చిన మొదటి ఆల్బమ్ బ్లీచ్‌ను ఆరొందల చిల్లర డాలర్లల్ల రికార్డ్ చేసి పడేసిన బ్యాండ్ నిర్వానా, రెండేండ్లు తిరిగేసరికి, 1991 సెప్టెంబర్ల నెవర్‌మైండ్ తెచ్చింది, 1992 జనవరిల మైకేల్ జాక్సన్ ఆల్బమ్ డేంజరస్‌నే అమెరికా ఆల్బమ్‌ల చార్ట్ బిల్‌బోర్డ్‌ల నంబర్ వన్ నుంచి కిందికి దింపింది. మధ్యల ఏం మారిందంటే డ్రమ్స్ మీదికి డేవ్ గ్రోల్ వచ్చిండు. మేడారం జాతరల డప్పు విన్నోళ్లకు ఆయన కొట్టుడు గురించి ఇంకెవ్వరు చెప్పక్కర్లే, సీదా ఒంట్లకు దిగుతది. ప్రొడ్యూసర్ బుచ్ విగ్, మిక్సింగ్ ఆండీ వాలెస్. సౌండ్ మరీ నున్నగైందని తర్వాత బ్యాండ్ పాటగాడు కర్ట్ కొబేనే సణిగిండు గని నాకైతే అది తప్పనిపియ్యదు. నా పేచీ వేరే. స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్ పాటల మెల్లగ మొదలై ఒక్కసారి పేలుతది కదా, లిథియంల గూడ అదే ఎత్తు, వరుసగ వింటుంటే ఎక్కడ పేలుతదో ముందే తెలుస్తది. ఆఖరున సంథింగ్ ఇన్ ద వేల గుసగుసలెక్క పాడుకుంట చెల్లో (పెద్ద వయొలిన్ లెక్కటిది) పెట్టిండ్రు సూడు, అసొంటియి ఇంకో రెండు ఉంటే నా ఓటు మారేదేమో.

బెండ్స్ కథ ఉల్టా. నిర్వానాకు మొదటి ఆల్బమ్‌తోని పెద్ద పేరు రాలే కాబట్టి బరువు లేదు, రేడియోహెడ్ నెత్తిమీద మాత్రం మొదటి ఆల్బమ్‌ల హిట్ పాట క్రీప్ కూసున్నది, ఎక్కడికి పోయినా అదే పాడుమనుడు. ఆ చిరాకే మై ఐరన్ లంగ్ పాట అయింది (ఐరన్ లంగ్ అంటే రోగికి ఊపిరాడిచ్చే మిషన్), బతికిస్తున్నదీ అదే, ఊపిరాడనిస్తలేనిదీ అదే అన్నట్టు. దాని వాద్యాలన్నీ 1994ల లండన్ ఆస్టోరియా హాల్ల లైవ్‌గ వాయించినయే, గొంతు ఒక్కటే బ్యాండ్ పాటగాడు థామ్ యార్క్ మళ్ల పాడిండు. 1995 మార్చిల ఆల్బమ్ వచ్చింది, ప్రొడ్యూసర్ జాన్ లెకీ. బ్యాండ్ల ముగ్గురు గిటారిస్టులు, అయినా ఒకని మీద ఒకడు పడరు, అదే నాకు పిచ్చి. ఫేక్ ప్లాస్టిక్ ట్రీస్ ఒట్టి అకౌస్టిక్ గిటార్‌తోని మొదలై ఆర్గన్, వయొలిన్లు, ఎలక్ట్రిక్ గిటార్ ఒక్కొక్కటి చేరుకుంట పోతది, మనకు తెల్వకుండనే పెద్దగైతది. అమెరికా పాటగాడు జెఫ్ బక్లీ ప్రోగ్రాం సూసొచ్చి థామ్ యార్క్ ఆ పాట పాడిండట. ఆ గొంతు వింటే నమ్మబుద్ధైతది.

గిటార్ కొత్తగ పట్టినోళ్లకైతే నెవర్‌మైండే, డౌటే లేదు, పవర్ కార్డ్స్ (రెండు మూడు తీగలే పట్టి వాయించేటియి) వస్తే సగం ఆల్బమ్ చేతికొస్తది, బెండ్స్‌ల జస్ట్ అనే పాట వాయించబోతే వేళ్లు తిరగయి. హాస్టల్ రూంల నలుగురితోని స్పీకర్ పెట్టి గంతులేసేటందుకూ నెవర్‌మైండే. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైలెక్కి కిటికీ పక్కన ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే మాత్రం బెండ్స్, జనగామ దాటేదాక వేరే ముచ్చటే యాదికి రాది. షఫుల్ మాత్రం పెట్టకుండ్రి. నెవర్‌మైండ్‌కు అది నడుస్తది గని బెండ్స్‌కు నడవది, స్ట్రీట్ స్పిరిట్ పాట ఆఖరికే రావాలె.